వంగనివ్వని పరుగు

నా చిన్నప్పుడు గోదావరిఖనిలో మా బొగ్గుగని క్వార్టర్ల వెనుక బూడిద పోసి చదును చేసిన మైదానం ఉండేది. అక్కడ నాకు పరుగు నేర్పింది పక్కింటి అక్క. నేను గీత మీద కొయ్యలా నిలబడి, విజిల్ వినబడగానే చేతులు ఊపుకుంటూ ఉరికేవాణ్ణి. నాలుగు అడుగులు వేసేలోపే తోటి పిల్లలు దాటిపోయేవారు.

అక్క ఒకనాడు పగలబడి నవ్వింది. "గట్ల నిలబడ్డవేందిర, బస్సు కోసమా? మా నాయిన బొగ్గుబాయిల టబ్బు బండి నెట్టంగ నిటారుగ నిలబడ్తడా? వంగి, కాళ్లతోని భూమిని ఎనుకకు తన్నాలె. లేవంగనే తల ఎత్తకు."

పాదాలు ఆనడానికి ఇనుప ముక్కతో రెండు గుంటలు తవ్వి, చేతులు నేలకు ఆనించి, నన్ను ముందుకు వాల్చింది. మొదటి అడుగుకే ఒళ్ళు దూసుకుపోయింది. నిలబడి మొదలుపెడితే అంత ఊపు ఎందుకు రాదో తరువాత పుస్తకాలు వెతికి చదువుకున్నాను. అక్క చెప్పిందే అక్కడా ఉంది.

ఆ ఏడు కార్మికుల పిల్లలకూ ఆఫీసర్ల పిల్లలకూ కలిపి పోటీలు పెట్టారు. ఆడపిల్లల్లో గెలిచినవారిని కొత్తగూడెం పోటీలకు పంపుతామన్నారు. అక్క ఆ ప్రయాణం మీదే ప్రాణం పెట్టుకుంది. లంగా దోపుకుని, గుంటలు తవ్వుకుని, గీత మీద వంగింది. జనంలో ఎవడో, "ఏందే, బియ్యం ఏరుతున్నవా?" అని అరిచాడు. అందరూ నవ్వారు.

షిఫ్టు దిగి నేరుగా వచ్చిన వాళ్ళ నాయన ముఖం మాడిపోయింది. "లే బిడ్డా! ఇంతమంది మొగోళ్ళ ముంగట గట్ల వంగుతరా? నిలబడి ఉరుకు."

"నాయినా, ఒక్కపారి..."

"లే అంటున్న గద!"

అక్క లేచి నిలబడింది. పక్క గీతలో ఆఫీసర్ల బంగళాల నుంచి వచ్చిన అమ్మాయి నిక్కరు వేసుకుని దర్జాగా వంగింది. ఆ పిల్లను ఎవరూ ఏమీ అనలేదు. అనే ధైర్యం ఎవడికుంది?

విజిల్ మోగింది. మొదటి అడుగుల్లోనే అక్క వెనకబడింది. ఆపైన అందరినీ దాటింది, ఆ అమ్మాయిని తప్ప. ఇంకాస్త దూరం ఉంటే ఆమెనూ దాటేది.

అక్క ఏడవలేదు. దమ్ము తీసుకుంటూ నా తల నిమిరి, "నువ్వు మాత్రం నిలబడకు తమ్మీ," అంది. మరుసటి వేసవికి పెళ్ళి చేసి రామకృష్ణాపూర్ పంపించారు. ఆమె పరుగెత్తగా మళ్ళీ ఎవరూ చూడలేదు.

ఇప్పటికీ ఎక్కడ పరుగు పందెం జరిగినా జనం గెలుపు తాడు దగ్గర గుమిగూడతారు. నేను మొదటి గీత దగ్గరే నిలబడతాను. అక్కడ ఏ ఆడపిల్లనైనా ఎవరన్నా లెమ్మంటే, ఈ వయసులోనూ నా గొంతు లేస్తుంది. ఆ రోజు అంతమంది పెద్దల్లో ఒక్కరికీ లేవని గొంతు.