లాంచీ ఎక్కిన నతానియేలు

రాజోలులో స్టెల్లా వాళ్ళ ఇంటిని ఊరంతా రంగూనోళ్ళ ఇల్లు అనేవారు. ఆ ఇంట్లో రంగూను మొహం చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. స్టెల్లా కువైట్ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి వచ్చింది, తమ్ముడు కొత్తపేటలో బడి పంతులు. అయినా ఆ పేరు వదల్లేదు. అది వాళ్ళ ముత్తాత నతానియేలు వల్ల అంటుకున్న పేరు.

తెల్లదొరల కాలంలో ఒక ఉదయం నతానియేలు కొబ్బరికాయలు వేసుకుని నరసాపురం వెళ్ళే ఆవిరి లాంచీ ఎక్కాడు. దారిలో బాయిలరు పేలి లాంచీ మునిగిపోయింది. కొందరి శవాలు దొరికాయి, కొందరివి దొరకలేదు. నతానియేలు శవం దొరకలేదు. కొన్నాళ్ళకి ఎవరో అన్నారు, అతను అసలు చావలేదని, ఓడెక్కి రంగూను పోయి అక్కడ ఇంకో ఆవిడతో కాపురం పెట్టాడని. ఆ మాట నిలబడిపోయింది. చంటిబిడ్డతో మిగిలిన అతని భార్య సుందరిని మొగుడు వదిలేసిన మనిషి అన్నారు. “ఆయన లాంచీ ఎక్కేరు, దిగలేదు” అని ఆమె పోయేవరకూ అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతూనే ఉంది. ఎవరూ నమ్మలేదు.

స్టెల్లాకి ఇదంతా పాత ముచ్చటే. మేనకోడలు బిందు పెళ్ళిమాటల రోజు వరకూ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఆ రోజు పెళ్ళికొడుకు మేనమామ శ్యామ్ బాబు కాఫీ అందుకుంటూ, “మీ ఇంట్లోవాళ్ళకి చెప్పాపెట్టకుండా రంగూను పోయే అలవాటుందంట గదండీ! అమ్మాయికి రాలేదు కదా అది?” అన్నాడు. సరదాకే అన్నాడు. అందరూ నవ్వారు, స్టెల్లా తమ్ముడు కూడా నవ్వాడు. బిందు తల వంచుకుంది. వంచిన ఆ తలను చూసేసరికి స్టెల్లాకి ఒళ్ళు మండింది. సుందరి కూడా ఇలాగే ఎన్నిసార్లు తల వంచుకుందో అనిపించింది.

నతానియేలు ఏమయ్యాడో తేల్చుకోవాలని మర్నాడే బయల్దేరింది. ముందు అమలాపురంలో సుబ్రహ్మణ్యేశ్వరరావు గారిని కలిసింది. ఆయన కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి, పాత ఓడలూ కాలవల సంగతులంటే చెవి కోసుకుంటాడు. ఆయన తనకు తెలిసిన చోట్లన్నీ వెదికించి చివరికి ఫోన్ చేశాడు.

“లాంచీ మునిగిన మాట నిజమేనమ్మా. కానీ కింద డెక్కు మీద కూర్చున్నవాళ్ళ పేర్లు ఎవరూ రాసుకోలేదు. కాగితాల మీద ఆశ పెట్టుకోకు. నీళ్ళు మనిషిని ఎటు తీసుకెళ్తాయో అటు వెళ్ళి గట్టుమీద వాళ్ళని అడుగు.”

“ఇన్నేళ్ళ తర్వాత ఎవరికి గుర్తుంటుందండీ?”

“మీ ఇంట్లో గుర్తుంది కదమ్మా! అలాగే ఇంకో ఇంట్లోనూ ఉండొచ్చు.”

ఆ మాట పట్టుకుని స్టెల్లా స్కూటీ మీద వశిష్ఠ గోదావరి గట్టు వెంట దిగువకి తిరగడం మొదలుపెట్టింది. రేవు కనిపించిన చోటల్లా ఆగేది, వలలు బాగుచేసుకునేవాళ్ళ పక్కన కూర్చునేది. కొందరు మంచినీళ్ళిచ్చారు, కొందరు పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. “ఎందుకక్కా ఈ ఎండలో? ఆయన రంగూన్లో ఉన్నా ఈపాటికి పోయే ఉంటాడు గదా” అన్నాడు తమ్ముడు. స్టెల్లా అతనితో రెండు రోజులు మాట్లాడలేదు.

అంతర్వేది పల్లిపాలెంలో కనకరాజు అనే పడవాయన ఆమె చెప్పింది మొత్తం విన్నాడు. “ఆయ్, లాంచీ సంగతైతే మా మామ్మకి తెలుసండి. రండి” అని ఇంటికి తీసుకెళ్ళాడు. మామ్మ వీరాయమ్మ అరుగు మీద ఎండుచేపలు ఏరుకుంటోంది. ఎనభై దాటిన మనిషి, గొంతు మాత్రం ఖంగుమంటోంది.

“లాంచీ పేలిన సంగతా? మా నాయనమ్మ నరసమ్మ అందులోనే ఉందమ్మా! పిల్లదప్పుడు. అమ్మా నాన్నా ఆ నీళ్ళలోనే పోయేరు. దీన్ని మా పాలెపోళ్ళు పైకి తీసి పెంచుకున్నారు.”

“చిన్నపిల్ల ఎలా బతికిందండీ?”

“ఒకాయన బతికించేడు. కొబ్బరికాయలేసుకొచ్చిన ఆయనంట. లాంచీలో ఆయనెదురుగా కూర్చుని మా నాయనమ్మ ఆయన కాలివేళ్ళు లెక్కపెట్టిందంట. ఎడంకాలికి ఆరున్నాయని నవ్విందంట. ఆయనా నవ్వేడంట. ఇంతలో బాయిలరు పేలింది. ఆయన ఎండు కొబ్బరికాయల జత ఒకటి దీని చంకల కింద కట్టి, ‘కాళ్ళాడించు తల్లీ, కాళ్ళాడించు’ అని తోసేడంట. మళ్ళీ ఇంకెవరి కోసమో లోపలికి పోయేడు. అంతే. మూడోనాడు ఇక్కడే ఒడ్డుకి కొట్టుకొచ్చేడు. మొహం తెలీలేదు గానీ, కాలు చూసి మా నాయనమ్మ గుర్తుపట్టింది.”

స్టెల్లా వంగి ఎడమకాలి బూటు విప్పింది, మేజోడు లాగేసింది. స్కూల్లో పిల్లలు నవ్వారని చిన్నప్పటి నుంచీ దాచుకుంటున్న కాలు అది. వాళ్ళ నాన్నకీ అదే కాలు, తాతకీ అదే. చిటికెన వేలు పక్కన ఇంకో బుల్లివేలు.

వీరాయమ్మ చేపల చేట పక్కన పెట్టేసింది. అరుగు దిగి వచ్చి కింద కూర్చుని, ఆ పాదాన్ని రెండు చేతులతో ఒళ్ళోకి తీసుకుంది. ఒక్కొక్క వేలూ తడిమింది.

“ఒరే కనకరాజూ, ఆయన మనుషులొచ్చేర్రా! ఇన్నాళ్ళకి ఆయన మనుషులొచ్చేరు!” అని వీధంతా వినిపించేలా కేకేసింది.

సరుగుడు తోపులో చిన్న దిబ్బ ఉంది. చుట్టూ ఇటుకలు, పైన ఎండిపోయిన బంతిపూలు. సముద్రం ముందుకొచ్చినప్పుడల్లా ఆ మట్టిని తట్టలతో ఎత్తి వెనక్కి తెచ్చుకున్నామని చెప్పింది వీరాయమ్మ. ఆయన పేరేమిటో ఊరేమిటో కులమేమిటో దేవుడెవరో వాళ్ళకి తెలియదు. ఆరువేళ్ళ తాత అనేవారు, ఏటా పసుపు కుంకుమ పెట్టేవారు, కొత్త వల నీళ్ళలో వేసేముందు వచ్చి దణ్ణం పెట్టుకునేవారు. స్టెల్లా మోకరించి పసుపు అంటిన ఆ ఇటుకల మీద చేతులు పెట్టింది. “సుందరమ్మ చెప్పిందే నిజం తాతా. మీరు దిగలేదు” అంది. ఏడుపొచ్చింది, కానీ అది దిగులుతో వచ్చిన ఏడుపు కాదు. లేచి ఇసుకలో నడుస్తుంటే గట్టిగా పాడాలనిపించింది. పాడింది కూడా.

తమ్ముడికి ఫోన్ చేసి, “నవ్వేవు గదరా ఆ రోజు! ఇప్పుడు రా, అందర్నీ తీసుకురా” అంది.

వాళ్ళు రెండు వ్యాన్లలో వచ్చారు. పాస్టరు గారు ప్రార్థన చేశారు, వీరాయమ్మ కోడళ్ళు హారతిచ్చారు, ఎవరూ ఎవరినీ వద్దనలేదు. నల్లరాతి మీద నతానియేలు పేరు, దాని పక్కనే సుందరి పేరు చెక్కించారు. శ్యామ్ బాబు కూడా వచ్చాడు. అందరి ముందూ బిందు దగ్గరికెళ్ళి, “తెలీక వాగేనమ్మా. ఇలాంటి ఇంటి పిల్ల మా ఇంటికి రావడం మా అదృష్టం” అన్నాడు. బిందు తల వంచలేదు. “ఆ మాట మా అత్తకి చెప్పండి మావయ్యగారూ” అంది. చెప్పాడు.

ఆ మధ్యాహ్నం తోపులో చేపల పులుసుతో భోజనాలు పెట్టారు. వడ్డిస్తూ వడ్డిస్తూ వీరాయమ్మ అటువైపు చూపించింది. నతానియేలు దిబ్బ వెనక ఇంకా నాలుగైదు ఉన్నాయి, మట్టిలో సగం కలిసిపోయి.

“వాళ్ళూ ఆ లాంచీవోళ్ళేనమ్మా. వాళ్ళ గుర్తులు మా నాయనమ్మకి తెలీలేదు.”

స్టెల్లా ముద్ద విస్తట్లో పెట్టేసి ఒక్కొక్కరి గురించీ అడిగింది. ఒకావిడ చేతికి శంఖు గాజులు ఉండేవన్న మాట ఒక్కటే మిగిలిందట.

ఇప్పుడు స్టెల్లా ఆ మిగతావాళ్ళ మనుషుల కోసం అవతలి ఒడ్డున తిరుగుతోంది. నరసాపురం వైపు ఊళ్ళలో ఆమె స్కూటీని గుర్తుపడుతున్నారు, దూరం నుంచే పిలిచి టీ పోస్తున్నారు. ఈ మధ్య మాధవీలత అనే ఒక టీచరు తనే వెతుక్కుంటూ వచ్చి, “మా ముత్తవ్వ పుట్టింటికని లాంచీ ఎక్కిందటండీ. శంఖు గాజులు వేసుకునేదని మా అమ్మ చెప్పేది” అంది. స్టెల్లా ఆమెను కనకరాజు పడవ ఎక్కించింది, పక్కన తనూ కూర్చుంది. చెప్పులు విప్పి, కాళ్ళు హాయిగా చాపుకుని, “పోనీ కనకరాజూ!” అంది.