మగపువ్వు లేని పాదు

నా చిన్నప్పుడు మా ఇంటి గుమ్మడి పాదు దగ్గరికి ఎవరైనా పోవచ్చు, కోళ్ళు కూడా పోవచ్చు, మా చిన్నమ్మ మాత్రం పోకూడదు. అది మా అవ్వ పెట్టిన కట్టడి. చిన్నమ్మ అంటే మా చిన్నాయన భార్య. పెళ్ళై ఏళ్ళు గడిచినా వాళ్ళకు పిల్లలు లేరు. పిల్లల్లేని దాని చెయ్యి తగిలితే పిందె నిలవదని మా ఊరు పెరియంపట్టిలో ఆ రోజుల్లో, అంటే ఎనభైల్లో, చాలామంది నమ్మేవాళ్ళు. మా అవ్వ నమ్మి ఊరుకోలేదు, వీధంతా వినేలా అరిచేది.

ఆ ఏడు మార్గళికి, అంటే ముగ్గులు పెట్టే ధనుర్మాసానికి, పాదు పశువుల కొట్టం కప్పంతా పాకింది. రోజూ పూలు పూస్తున్నాయి, పిందెలు మాత్రం గోలీకాయంత కాగానే పసుపెక్కి రాలిపోతున్నాయి. అవ్వకు ఇంకేం కావాలి. "ఈ గొడ్డుది దొంగతనంగా తాకతా ఉంది. పొంగలు పండగ కానీ, దీన్ని ఏరియూరులో పుట్టింటికి తోలేసి నా కొడుక్కి ఇంకో పెండ్లి చేస్తా" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. చిన్నాయన ఆ మాట వింటూనే సంగటి తినేవాడు. ఆయన్ను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఒకనాడు తెల్లవారుతుండగా చిన్నమ్మ నన్ను లేపి పాదు దగ్గరికి తీసుకుపోయింది. వాళ్ళ నాయన గుమ్మడి పండించేవాడు, ఆమెకు అన్నీ తెలుసు. ముందురోజే తను ఆకు చాటున దాచిన మొగ్గ ఒకటి విచ్చుకుని ఉంది. కింద బుల్లి పిందె ఉంటే ఆడపువ్వు, వట్టి కాడ మీద ఉంటే మగపువ్వు అని చూపించింది. మగపువ్వు పుప్పొడి తేనెటీగల కాళ్ళకంటుకుని ఆడపువ్వుకు చేరితేనే పిందె కాయవుతుందట. మరి మా అవ్వ చేస్తున్నదేమిటి? చీకటితోనే లేచి, ముగ్గులో పేడముద్దల మీద పెట్టడానికి పిందె లేని పూలన్నీ కోసేస్తోంది. అవి ఎలాగూ కాయవని ఆమె లెక్క. తేనెటీగలు వచ్చేసరికి పాదు మీద మగపువ్వే ఉండదు. తను చేసిన పనికి తిట్లు కోడలికి!

చిన్నమ్మ తను దాచిన ఆ మగపువ్వు రేకులు తుంచి, లోపలి పుప్పొడిని రెండు ఆడపూలకు మెల్లగా రాసింది. వారం తిరిగేసరికి ఆ రెండు పిందెలూ పిడికిలంత అయ్యాయి. తను అమ్మవారికి మొక్కుకున్నందుకే పిందెలు నిలిచాయని అవ్వ ఇరుగుపొరుగును పిలిచి చూపించింది. అప్పుడు చిన్నమ్మ వాకిట్లోకి వచ్చి, జరిగిందంతా అందరి ముందూ చెప్పింది.

"మగపువ్వు లేకుంటే మీ పాదే కాయలేదు కదత్తా. నన్ను ధర్మపురి ఆసుపత్రికి ఎన్నితూర్లు పిల్చుకపోయినారు? నాలో ఏ కొరతా లేదనే చెప్పినారు. మీ కొడుకును ఒక్కతూరైనా పిల్చుకపోయినారా?"

అవ్వ చేతిలోని ముగ్గుచిప్ప విసిరి కొట్టింది. చిన్నాయన పశువుల కొట్టంలోకి పోయాడు. చూడవచ్చినవాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. పొంగలు రాకముందే చిన్నమ్మ తన ట్రంకుపెట్టె తనే మోసుకుంటూ బస్సెక్కింది. మరుసటి ఏడు చిన్నాయనకు మళ్ళీ పెళ్ళి చేశారు. ఆమెకూ పిల్లలు కలగలేదు. అవ్వ ఆమెనూ అవే మాటలు అన్నది.

ఇప్పుడు నాకూ మనవలున్నారు. ఎవరైనా నా ముందు కూర్చుని కోడలికి కడుపు పండలేదని మొదలుపెడితే, ముందు నీ కొడుకును పరీక్షకు పంపు అని మొహం మీదే అంటాను. దీనికి నోరెక్కువ అని లేచిపోతారు. పోనీ. ఆనాడు అంతమంది పెద్దవాళ్ళలో చిన్నమ్మ తరఫున ఒక్కరూ నోరు విప్పలేదు. నేనున్న చోట ఏ ఆడపిల్లా అలా ఒంటరిగా నిలబడదు.