రామాయంపేట వరుస నీలంగా ఉన్న మధ్యాహ్నాలు

ఈ ఎండాకాలం ఒకామె ఉద్యోగం నా వల్ల పోయింది. ఆమెను నేనెప్పుడూ చూడలేదు. రామాయంపేటలో ఒక రక్తపరీక్షల సెంటర్‌లో కౌంటర్ దగ్గర కూర్చునేది. గొంతు మాత్రం బాగా తెలుసు. పాప పడుకున్నాక ఇది రాయాలని నాలుగైదుసార్లు కూర్చున్నాను. రాయలేక లేచాను.

నేను మెదక్‌లో మా అద్దె ఇంట్లోనే కూర్చుని ఒక డాష్‌బోర్డ్ చూస్తాను. అదే నా ఉద్యోగం. హైదరాబాద్‌లోని ఒక పరీక్షల కంపెనీకి జిల్లాల్లో చిన్న చిన్న సెంటర్లు ఉన్నాయి. అక్కడ రక్తం తీసి, మామూలు పరీక్షలు అక్కడే చేసి, ఫలితాలను హైదరాబాద్ సర్వర్‌కు పంపుతారు. డాక్టర్ చూసి సంతకం పెడితే రిపోర్టు మళ్లీ సెంటర్‌కు వస్తుంది. ఈ రాకపోకలు జరిగే లైన్లు బాగున్నాయా లేదా అన్నది నేను చూడాలి. తెర మీద ఒక్కో సెంటర్‌కు ఒక్కో వరుస. కుల్చారం, నిజాంపేట, రామాయంపేట, అట్లా కిందిదాకా. ప్రతి వరుసలో ఒక కేబుల్ లైను, అది పోతే అందుకునే సిమ్ లైను, పక్కన రిపోర్టులు ఎన్ని పోతున్నాయో చూపే సన్నటి గీత. బాగుంటే ఆకుపచ్చ. లైను పోతే ఎరుపు, దాంతోపాటు కీచుమనే అలారం. కారణం రాసేదాకా అది ఆగదు. పల్లెటూరి సెంటర్ ఎర్రబడితే మేమందరం రాసేది ఒక్కటే, ‘కరెంట్ లేదు’. ఫోన్ చేసి అడిగేవాళ్లు తక్కువ. చాలాసార్లు అది నిజమే అవుతుంది కాబట్టి ఎవరూ తప్పు పట్టరు.

బీటెక్ అయ్యాక రెండేళ్లు హైదరాబాద్ ఆఫీసులోనే ఈ పని చేశాను. పాప పుట్టాక ఇంటి నుంచి చేయడానికి మా సార్ ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూ ఒక మాట అన్నాడు. “ఒక్క లైన్ విషయంలో మీ పొరపాటు బయటపడినా ఆఫీసుకు రావాల్సిందే మేడమ్. మిగతావాళ్లకు నేను జవాబు చెప్పుకోలేను.”

పాపకు ఎనిమిదో నెలలో జ్వరం వచ్చి ఫిట్స్ వచ్చాయి. నా ఒళ్లో ఉండగానే ఒళ్లంతా కట్టెలా బిగుసుకుపోయింది. కళ్లు పైకి పోయాయి. ఆటోలో దవాఖానకు పోయేలోపే తగ్గిపోయింది. ఈ వయసులో కొందరు పిల్లలకు మామూలే, జ్వరం పెరగకుండా చూసుకోండి అని డాక్టరమ్మ చెప్పింది. ఆ మామూలే అన్న మాట నాకు ఎక్కలేదు. ఆ రోజు నుంచి ఉయ్యాలను నా టేబుల్ పక్కకు జరిపాను. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకోవడం మానేశాను. పాప ఊపిరి వినపడకపోతే నా చేతులు కీబోర్డు మీద ఆడవు.

రామాయంపేట లైను రోజూ మధ్యాహ్నం ఒంటి గంట ప్రాంతంలో పోవడం మొదలైంది. మూడు లోపల వచ్చేది. మధ్యలో సిమ్ లైను అందుకునేది కానీ అది నీరసంగా ఉండేది, పడేది, లేచేది. పడ్డ ప్రతిసారీ అలారం. సరిగ్గా పాప నిద్రపోయే వేళ. ఉలిక్కిపడి లేచి, ఏడ్చి ఏడ్చి ఒళ్లు వెచ్చబడేది. వెచ్చబడితే చాలు, నాకు ఆ ఆటో గుర్తొచ్చేది.

“అగో, మల్ల కూసింది,” అనేది మా అత్తమ్మ వంటగదిలోంచి. “పిల్ల ఇప్పుడే కండ్లు మూసింది. గా పెట్టెను జర బంద్ జెయ్యరాదే?”

“బంద్ చేస్తే మిగతా ఊళ్లవి వినపడవు అత్తమ్మా.”

“ఊళ్లన్ని నువ్వే నడుపుతున్నవ్ మరి.”

బంద్ చేయడానికి ఒక దారి ఉంది. ఎక్కడైనా లైను మరమ్మతు చేస్తుంటే ఆ సెంటర్‌ను కొంతసేపు ‘మెయింటెనెన్స్’లో పెట్టొచ్చు. అప్పుడు ఆ వరుస నీలంగా మారుతుంది. అలారం రాదు. నెలాఖరు రిపోర్టులో ఆ గంటలు లైను పోయినట్టు లెక్కకు రావు. మొదటిసారి నొక్కినప్పుడు ఈ ఒక్కరోజే అనుకున్నాను. పాప రెండు గంటలు కదలకుండా పడుకుంది. మర్నాడు కూడా నొక్కాను. తర్వాత అది అన్నం తిన్నాక చేయి కడుక్కున్నంత అలవాటైంది. ఒంటిగంటకు పది నిమిషాల ముందు రామాయంపేట నీలం. మూడింటికి ఆకుపచ్చ. ఆఫీసులో ఎవరూ అడగలేదు. అందరి కళ్లూ ఎరుపు కోసమే వెతుకుతాయి.

ఆమె ఫోన్లు ఆ రోజుల్లోనే మొదలయ్యాయి. తెలుగు, ఉర్దూ కలిసిన గొంతు. నేను ఆపా, అంటే అక్కా, అని పిలిచేదాన్ని.

“బేటా, నెట్ జర సూడు. రిపోర్టులు పోతలేవు. ఈడ ఒక పెద్దమనిషి గంట సంది నా మొఖమే సూస్తుండు, ఆయన షుగర్ నా మొఖం మీద రాసున్నట్టు.”

నవ్వాను. నవ్వుతూనే తెర చూశాను. నీలం వరుసలో సన్నటి గీత నేలకు అంటుకుపోయి ఉంది. ఒక్క రిపోర్టు కదలడం లేదు.

“ఇక్కడ బాగానే ఉంది ఆపా. మీ సిస్టం ఒకసారి రీస్టార్ట్ చెయ్యుండ్రి.”

“ఒంటిగంట సంది మూడుసార్లు జేసిన. ఇంగ జేస్తే అదే నన్ను బంద్ జేస్తది.”

“ఇంకొక్కసారి చెయ్యుండ్రి.”

చేసేది. ఓపికగా, ఫోన్ పట్టుకునే ఉండి, ఇప్పుడు వెలుగొచ్చింది, ఇప్పుడు పాస్‌వర్డ్ అడుగుతుంది అని చెప్తూ చేసేది. ఆ మధ్యలోనే తన సంగతులు చెప్పేది. తమ్ముడి ఇంట్లో ఉంటుంది. సెంటర్ ఓనర్‌ను బతిమాలి ఈ కొలువు ఇప్పించింది తమ్ముడే. “వాని ఇజ్జత్ నా చేతుల పెట్టిండు, జర జల్ది సూడు బేటా,” అన్నది ఒకసారి.

లైన్ కంపెనీకి ఒక్క ఫిర్యాదు పెడితే మనిషి వచ్చి చూసిపోయేవాడు. పెట్టలేదు. ఫిర్యాదు పెట్టాలంటే లైను పోయిన గంటలు చూపించాలి. నా దగ్గర ఉన్నవి నీలం గంటలు. ఒకరోజు దాచినదాన్ని ఎట్లాగో చెప్పుకోవచ్చు. అన్ని వారాలు దాచాక ఏమని చెప్పాలో తెలియలేదు.

నెల మారాక ఒక సోమవారం సార్ ఫోన్ చేశాడు. రామాయంపేటలో మధ్యాహ్నం రిపోర్టులన్నీ ఆలస్యంగా వస్తున్నాయని, జనం సెంటర్ ఓనర్‌తో గొడవ పడుతున్నారని, నెట్ పోతోందని కౌంటర్ ఆమె చెప్తోందని అన్నాడు.

“కానీ మీ రిపోర్టులో ఆ లైన్ క్లీన్‌గా ఉంది కదా మేడమ్?”

పాప నా భుజం మీద ఉంది. దాని నుదురు నా మెడకు వెచ్చగా తగులుతోంది.

“క్లీన్‌గానే ఉంది సార్.”

“అదే నేనూ అన్నా. ఆమె మధ్యాహ్నం పడుకుంటుందని ఓనర్‌కు అనుమానం. శనివారం దాకా చూసి మార్చేస్తాడట.”

శనివారం దాకా. ఆ వారమంతా ఆ మాట మోస్తూ తిరిగాను. మర్నాటి నుంచి నీలం నొక్కడం మానేశాను. అలారం మోగింది, పాప లేచింది, అత్తమ్మ గొణిగింది. ఎరుపు కనపడితే నిజం తనంతట తనే బయటికొస్తుందని, నేను నోరు విప్పాల్సిన పని ఉండదని ఆశపడ్డాను. ఆఫీసులో అందరూ కరెంట్ లేదనే అనుకున్నారు. లైన్ కంపెనీకి కొత్తగా మొదలైన సమస్యలా ఫిర్యాదు పెట్టాను. శుక్రవారం వాళ్ల మనిషి రామాయంపేట నుంచి ఫోన్ చేశాడు.

“మేడం, దొరికింది. ఈడ స్తంభం మీద మన కేబుల్ డబ్బా ఉంది గదా, దానికి కరెంటు పక్కన టైర్ల షాపు నుంచి ఇచ్చిండ్రు. ఆయన అన్నం తిననీకి ఇంటికి వోతు మెయిన్ బంద్ జేసి పోతుండు.”

“అంతేనా?”

“అంతే. అడిగితే నాకెవ్వరు చెప్పలేదన్నడు. ఇగ తీగ మార్చిన, పరేషాన్ గాకుండ్రి.”

అరగంట పని. వారాల కిందే జరగాల్సిన అరగంట పని.

ఆ సాయంత్రం సార్‌కు మెయిల్ రాశాను. ఆమె తప్పు లేదని, రోజూ లైను పోయేదని, నేనే మెయింటెనెన్స్‌లో పెట్టానని. చివరి వాక్యం తీసేశాను. అది లేకపోతే మిగతాది అతకలేదు. మళ్లీ పెట్టాను. పంపకుండా డ్రాఫ్ట్‌లో ఉంచాను. శనివారం పాపకు నిజంగానే జ్వరం వచ్చింది. తడిగుడ్డ, మందు, థర్మామీటర్, మళ్లీ తడిగుడ్డ. ఫిట్స్ రాలేదు. కానీ రోజు గడిచిపోయింది. జ్వరం వల్లనే పంపలేదని చెప్పుకోవచ్చు. ఆ రోజు ఫోన్ నా చేతిలోనే ఉంది.

సోమవారం పొద్దున పంపాను. పది నిమిషాల్లో సార్ ఫోన్.

“ఆమె శనివారమే వెళ్లిపోయింది మేడమ్. వేరే అతను వచ్చాడు. ఈ మెయిల్ నేను చూడనట్టే ఉంటా, మీరూ మర్చిపోండి. మీకు చిన్నపాప ఉంది కదా.”

దయతోనే అన్నాడు. నేను “థాంక్యూ సార్” అన్నాను. ఆ మాట నా నోటి నుంచి ఎంత త్వరగా వచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ఆ వారం మీటింగ్‌లో రామాయంపేట గీత మధ్యాహ్నం కూడా నిండుగా కనిపించింది. మనిషిని మార్చగానే పని ఎట్లా నడుస్తుందో చూడండి అన్నారు ఎవరో.

ఆపా నంబరు నా ఫోన్‌లో ఉంది. రెండు రోజులు ఆగి చేశాను. ఎత్తింది. జరిగింది మొత్తం చెప్పాను, నీలం రంగు సంగతితో సహా. అవతల గిన్నెల చప్పుడు వినపడింది.

“అంటే నీకు తెల్సుండి నాతోని రీస్టార్ట్ జేయించినవా, బేటా?”

“అవును ఆపా.”

“రోజు?”

“రోజూ.”

“నేను పాగల్ లెక్క స్విచ్‌లు ఒత్తుకుంట కూసున్న.” మళ్లీ గిన్నెల చప్పుడు. “మా తమ్ముడు నాతోని మాట్లాడ్తలేడు. పండుకున్న అనుకుంటుండు. ఇగో, వానికి చెప్పు.”

వద్దనేలోపే ఫోన్ చేతులు మారింది. నేనెవరని ఆయన అడగలేదు. విన్నాడు. చివర్న ఒక్కటే అడిగాడు.

“నోటిమాట ఎవరు నమ్ముతరు మేడం? గిదే కాయితం మీద రాసిస్తరా? ఓనర్‌కు సూపెడ్త.”

రాసిస్తానన్నాను. ఐదు వాక్యాలు, కింద సంతకం. రాయడానికి పది నిమిషాలు పట్టలేదు. ఫొటో తీసి పంపడానికి రెండు రోజులు పట్టింది.

ఆ కాగితం ఓనర్ దగ్గరి నుంచి మా సార్ దాకా రావడానికి ఒక్కరోజు చాలింది. వచ్చే నెల నుంచి నేను హైదరాబాద్ ఆఫీసుకు పోవాలి. ఆపాకు ఉద్యోగం తిరిగి రాలేదు. ఆ కుర్చీలో ఇప్పుడు ఇంకొకరు ఉన్నారు కదా అన్నాడట ఓనర్. తమ్ముడు మాట్లాడుతున్నాడో లేదో నాకు తెలియదు. ఫోన్ చేస్తే ఆపా ఎత్తడం లేదు. చేయడం మానేశాను.

పొద్దున మొదటి బస్సుకు పోతే, తిరిగి వచ్చేసరికి చీకటి పడుతుంది. పాప అత్తమ్మ దగ్గర ఉంటుంది. ఈ సాయంత్రం ఆమెను కూర్చోబెట్టి థర్మామీటర్ పట్టుకోవడం నేర్పాను. ఆమెకు చదువు రాదు. జ్వరం వందకు చేరితే మూడంకెలు వస్తాయి కాబట్టి అంకెలు లెక్కపెట్టమన్నాను.

“చుక్కకు ముందు రెండంకెలుంటే ఏం కాదు అత్తమ్మా. మూడు కనబడితే మందు పొయ్యి, నాకు ఫోన్ చెయ్యి.”

“నువ్వు గంత దూరంకెల్లి ఏం జేస్తవే?” అన్నది. తిట్టడానికి కాదు, తెలుసుకోవడానికే అడిగింది. తర్వాత దాన్ని పాప చంకలో పెట్టి, బీప్ అనేదాకా ఆగి, దీపం కిందికి తీసుకుపోయి, వేలితో అంకెలు ముట్టుకుంటూ ఒకటి, రెండు అని లెక్కపెట్టింది.