మగ్గాల దగ్గర చెప్పులు

పొద్దున మంచం దిగి కుడికాలు నేల మీద పెట్టగానే మడమలో మేకు దిగినట్టయ్యేది. నాలుగడుగులు వేస్తే కాస్త తగ్గేది, సాయంత్రానికి మళ్లీ మొదలు. ఉత్త నొప్పి అయితే పళ్లు బిగబట్టి ఓర్చుకునేవాణ్ని. నా భయమంతా కాలు పోతుందని. మా నాన్నను బాపు అనేవాళ్లం, ఆయనకు షుగర్ ఉండేది. మా షెడ్డులో మరమగ్గాల మధ్య తిరుగుతుంటే ఒకరోజు ఇనుప ముక్క గుచ్చుకుంది. ఆ పుండు మానలేదు. కరీంనగర్ తీసుకుపోతే మోకాలి కిందికి కాలు తీసేశారు. ఆ తర్వాత ఏడాది మంచంలో ఉండి కన్నుమూశాడు. అదీ కుడికాలే.

అందుకని ఎవరికీ చెప్పలేదు. రక్తపరీక్ష అన్న మాట వింటేనే గుండె జారిపోయేది. కుంటడం చూసి నా భార్య ఒకరోజు డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. పరీక్ష కాగితం వచ్చేదాకా బయట బెంచీ మీద కూర్చుని కాలివేళ్లు కదిలించి చూసుకుంటూనే ఉన్నాను. డాక్టరు షుగర్ లేదన్నాడు. మడమ కింద వాపు ఉందట, మంచి చెప్పులు వేసుకోమన్నాడు. ఇంతేనా! నేను సగమే నమ్మాను.

బజార్లో చెప్పుల దుకాణం చాచా ఒక జత తీసి రెండు చేతులతో వంచి చూపించాడు.

"నడుమ వంగేటియి వద్దు బేటా. వేళ్ల కాడనే వంగాలె. మడమ కూసునేతందుకు జర గుంత ఉండాలె, కింద జర ఎత్తు ఉండాలె."

కొన్నాను. రెండు నెలలైనా నొప్పి పిసరంత తగ్గలేదు. పరీక్ష తప్పయి ఉంటుంది, లేకపోతే డాక్టరు ఏదో దాచి ఉంటాడు. ఇట్లాంటి ఆలోచనలతో అన్నం సహించడం మానేసింది. చివరికి ఆ కోపమంతా చాచా మీద చూపించడానికి చెప్పులు పట్టుకుని పోయాను.

"నీ చెప్పులతోని ఏం ఫాయిదా లేదు చాచా!"

ఆయన వాటిని తిరగేసి చూశాడు.

"రెండు నెల్లంటున్నవ్, అడుగు జర గూడ అరగలే. ఎప్పుడేసుకుంటున్నవ్?"

"ఇంటి నుంచి షెడ్డు దాక."

"షెడ్డుల?"

"షెడ్డుల ఎట్లేసుకుంట? మగ్గాలుంటయ్ గద!"

"పొద్దంత సిమెంటు మీద ఉత్త కాళ్లతోని నిలవడి నా చెప్పులను తిడుతున్నవా, పాగల్!"

మా ఇళ్లల్లో మగ్గం దేవుడితో సమానం, అది ఉన్నచోటికి చెప్పుకాళ్లతో పోము. చేతిమగ్గాలు పోయి కరెంటు మగ్గాలొచ్చినా ఆ కట్టుబాటు పోలేదు. మా అవ్వ, అంటే అమ్మ, రోజూ షెడ్డులోనే కూర్చుని నూలు కండెలు చుడుతుంది. మీటరు చూడ్డానికొచ్చిన మనిషి చేత కూడా బూట్లు విప్పించిన మనిషి ఆమె.

మర్నాడు గడప దగ్గర ఆగిపోయాను. నలభై అయిదేళ్లవాణ్ని, ఇంకా అవ్వకు జడుస్తున్నాను. లోపలికి పోతే అవ్వ ఏమంటుందో, విప్పితే ఈ కాలు ఏమవుతుందో! రెండో భయమే పెద్దదై చెప్పులతోనే లోపలికి నడిచాను.

అవ్వ చేతిలో కండె పక్కన పెట్టి లేచొచ్చింది. ఇప్పుడు చెప్పులూ నేనూ కలిసి వీధిలో పడతామనుకున్నాను.

"కాలు నొస్తున్నదవ్వా," అన్నాను. "బాపు లెక్కనే అయితదేమోనని పానం జల్లుమంటున్నది."

ఆమె చూపు నా చెప్పుల మీద పడింది. ఆ మగ్గాల చప్పుడులో ఆమె మాట కోసం నేను వంగాల్సొచ్చింది.

"మీ బాపు గూడ ఒకపారి రబ్బరు చెప్పులేసుకొచ్చిండు. నేనే గుంజి బయట పారేసిన. గా నెలలనే ఇనుము గుచ్చుకున్నది. గీ మాట ఎవ్వలికీ చెప్పలే బిడ్డా."

పోయి తన చోట కూర్చుంది. ఎన్నిసార్లు పెట్టినా దారం కండెకు అందడం లేదు. నేను చెప్పులతోనే వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను.