ఇనుము చేసిందనుకున్న పని

మందుల తయారీలో చిన్న అణువులను అతికించి పెద్దవి కట్టడానికి పల్లాడియం అనే ఖరీదైన లోహం వాడతారు. ఘాటైన ద్రావకాలు పోస్తారు. వాటి బదులు మామూలు ఇనుప లవణంతో, నీళ్లలోనే ఆ పని జరిగేలా చూడాలి. కొరాపుట్‌లో నేను పీహెచ్‌డీకి చేరినప్పుడు మా మేడం అప్పగించిన పని అది.

చాలాకాలం ఏమీ రాలేదు. ఒక వానాకాలం మధ్యాహ్నం ఫ్లాస్కు అడుగున తెల్లటి పొడి దిగింది. పరీక్షిస్తే మాకు కావలసిన అణువే. వెంటనే రాయగడలో ఉన్న నాన్నకు ఫోన్ చేశాను. ఆయన మునిసిపాలిటీలో మురుక్కాలువలు తీసేవాడు.

"ఇనుముతోనా? నీల్లలోనా?" అన్నాడు. "అయితే అమ్మి, ఆ కంపు మందులు ఇంక కాలవల్లో పొయ్యరన్నమాట."

"ఇంకా చాలా చెయ్యాలి నాన్నా."

"సేద్దువుగాని. ముందు ఇది వచ్చింది గదా."

ఆ చలికాలంలోనే గుండెపోటుతో పోయాడు. నేను రైలు దిగి ఇంటికి చేరేసరికి ఆయన్ను వాకిట్లో పడుకోబెట్టి ఉంచారు.

కర్మకాండలయ్యాక తిరిగొచ్చి పనిలో పడ్డాను. పాత ఇనుప లవణం అయిపోవస్తుంటే మరింత శుద్ధమైన రకం తెప్పించాం. దానితో ఫ్లాస్కులో ఏమీ జరగలేదు. ఎన్నిసార్లు చేసినా అంతే. మేడం పాత సీసాలో మిగిలినదాన్ని పరీక్షకు పంపించింది. అందులో ఇసుమంత పల్లాడియం కలిసి ఉంది. ఇన్నాళ్లూ పని చేసింది అదే.

"ఉన్నది ఉన్నట్టే రాద్దాం," అంది మేడం. అలాగే రాశాను.

సెలవులకు ఇంటికెళ్లి అమ్మకు చెప్పాను. ఆమె బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టింది.

"మీ నాన్న ఈ సంగతి తెలీకుండానే ఎల్లిపోయేడు. అదొక్కటే మంచిదయ్యింది," అంది.

నాకలా అనిపించలేదు. ఉండి ఉంటే ముందు ఆయనకే చెప్పేదాన్ని. అంతా విని, ఇప్పుడేం చేస్తావని అడిగేవాడు. మా ఇంట్లో అలా అడిగేవాళ్లు ఇంకెవరూ లేరు.

సాయంత్రం పాలకోసం బయటికి వెళితే, వీధి చివర టీ కొట్టాయన పిలిచాడు.

"నీల్లతోటే మందులు సేస్తన్నావంట గదమ్మి. మీ నాన్న ఇక్కడికొచ్చిన పెతీసారీ అదే సెప్పేవోడు."

అవునని అనలేకపోయాను. కాదనడానికీ నోరు రాలేదు. అక్కడే నిలబడి ఏడ్చాను. నాన్న గుర్తొచ్చాడనుకుని టీ కొట్టాయన ఒక బల్ల ఖాళీ చేయించి నన్ను కూర్చోబెట్టాడు.