దొలాజిమ్

కెనడాలోని హామిల్టన్‌లో పెద్దవాళ్ళ ఇళ్ళకు సాయానికి వెళ్ళే సరోజన, బస్సులో సెర్బియన్ క్రియలు వల్లెవేస్తుంది: ఇదెమ్, వెళ్తున్నాను, ఇదెష్, వెళ్తున్నావు, దొలాజిమ్, వస్తున్నాను. చూసేవాళ్ళు జపమనుకుంటారు. అయితే గుమ్మం దగ్గర "వెళ్తున్నాను" అనడానికి ఆవిడకు ఏ భాషలోనూ నోరు రాదు, అపశకునం కదా! అందుకే మిలిత్సా అనే సెర్బియన్ వృద్ధురాలికి రోజూ "దొలాజిమ్" అని చెప్పి బస్సెక్కేసేది.

ఒకరోజు టిఫిన్ డబ్బా మరిచి వెనక్కి వస్తే, తలుపు బార్లా తీసి ఉంది. చలిలో శాలువా కప్పుకుని మిలిత్సా, ముందు రెండు కప్పుల కాఫీ.

"రోజూ వస్తానంటావు, రావేం?" అంది వచ్చీరాని ఇంగ్లీషులో.

సరోజన ముఖం కందిపోయింది. "మాలో అలాగే అంటామమ్మా," అని గొణిగి, కోటు విప్పి కూర్చుంది.

కాఫీ అయ్యాక కూడా "ఇదెమ్" నోట రాలేదు. "సుత్రా దొలాజిమ్," అంది, రేపును సెర్బియన్‌లో ఏమంటారో అడిగి తెలుసుకుని.

అప్పుడుగానీ మిలిత్సా తలుపు వేసుకోలేదు.