అత్త అడిగిన కీరముక్క

మా అత్త పోయి ఇవాళ్టికి ఇరవై రోజులు. తిరుపతి ఆసుపత్రిలో, డయాలసిస్‌కి తీసుకుపోయే లోపలే ప్రాణం పోయింది. మా ఆయన ఫోనులో "అమ్మ లేదు" అని రెండే మాటలన్నాడు. నేనప్పుడు సత్యవేడులో, మా వంటింట్లో, ఆమెకు పంపాలని ఉడకబెట్టిన కూరగాయల నీళ్ళు వంపుతున్నాను.

ఉడికించింది తినే మనిషి కాదు ఆమె. నానబెట్టిన పెసరపప్పులో కొబ్బరి, నిమ్మరసం కలిపి కోసుమల్లి అందరూ చేస్తారు. మా అత్త మాత్రం చేతికి దొరికిన పచ్చికూరగాయనల్లా తరిగి దాంట్లోకి తోసేది. ముల్లంగి, నూల్‌కోలు, బీట్‌రూట్ తురుము, ఆఖరికి లేత బెండకాయ కూడా. నేను శ్రీసిటీ ఫ్యాక్టరీలో పనికి బస్సెక్కే లోపల నా డబ్బాలో అన్నం కంటే అదే ఎక్కువ కూరేది. "మేకకి కట్టినట్టు కట్టినావు కదత్తా" అని గొణిగేదాన్ని. "కరకరా నమిలితేనే కడుపుకు తెలస్తాది, తిను" అనేది. నాతో పనిచేసే ఆడవాళ్ళు మొదట నవ్వారు. తర్వాత ఆ డబ్బాలో నాకేమీ మిగిల్చేవాళ్ళు కాదు.

మోకాళ్ళ నొప్పులకని ఏళ్ళ తరబడి ఎవరికీ చెప్పకుండా మందులషాపు మాత్రలు మింగింది. కిడ్నీలు పాడైన సంగతి తెలిసేసరికి చేయిదాటిపోయింది. ఊళ్ళో కొందరు, "పచ్చిగడ్డి తిని తెచ్చుకునిందిలే" అన్నారు. రోగానికి ఏడవని మనిషి ఆ మాటకు ఏడ్చింది.

ఆసుపత్రిలో ఒక కాగితం ఇచ్చారు. తినకూడనివన్నీ వరుసగా ఉన్నాయి. టమాటా, బీట్‌రూట్, కొబ్బరి, ఆకుకూరలు. దాన్ని వంటింటి గోడకు అంటించి, పచ్చిది అనేది ఏదీ ఆమె దగ్గరికి పోనివ్వలేదు. తరిగి, నానబెట్టి, ఉడికించి, కిడ్నీలకు పడని పొటాషియం పోవాలని నీళ్ళు పారబోసి పెట్టేదాన్ని. "సారమంతా తూములో పోసి నాకు పిప్పి పెడతాండావు కదమ్మా" అనేది.

ఆఖరుసారి ఆసుపత్రికి పోయే ముందురోజు నా చెయ్యి పట్టుకుంది.

"ఒక్క కీరముక్క ఇయ్యమ్మా. మింగనులే, నమిలి ఊసేస్తాను."

"వద్దత్తా, ప్రాణం మీదికొస్తాది" అన్నాను.

ఇంకోసారి అడగలేదు. అడిగుంటే ఇచ్చేదాన్నేమో.

పెద్దదినం కర్మకని ఇల్లు కడుగుతూ ఆ కాగితం పీకాను. వెనకవైపు కూడా అచ్చు ఉంది. 'కొద్దిగా తినదగినవి' అని. మొదటి పేరే కీరదోస. పచ్చిగానే, నాలుగు ముక్కలు. ఇన్ని నెలలూ ఆ వైపు గోడకు అతుక్కుని ఉంది. నాకు చదువు రాక కాదు, తిప్పి చూడాలని తోచలేదు.

కీరముక్క ఆమెను బతికించేది కాదని తెలుసు. కానీ ఆ నోటికి ఒక్క పూట సుఖం దక్కేది. అది కూడా నేనే దక్కకుండా చేశాను. కాలం గడిస్తే తగ్గుతుందని అందరూ అంటున్నారు. నాకు నమ్మకం లేదు. మీ ఇంట్లో ఇలాంటి కాగితం ఉంటే, దయచేసి రెండో వైపు కూడా చూడండి.

దినం నాడు ఆమె ఫోటో ముందు వేసిన ఆకులో, వడల పక్కన కీరముక్కలు పెట్టాను. మా ఆయన చూశాడు.

"అమ్మకి అది పడదు కదా? వద్దని రాసిచ్చినారు కదా?"

కాగితం వెనకవైపు సంగతి ఆయనకి నేనింకా చెప్పలేదు. ఆయన వంగి, ముక్కలన్నీ ఒక్కొక్కటిగా ఏరి, ఆకు బయట పెట్టేశాడు.